మెట్ల దగ్గర దీపం

పాయకుంబూ
4 మార్చి 1986

దాతుక్ బఖ్తియార్ బావగారికి,

సలాము.

మీ చెల్లెలు యుస్నిమార్ వందో రోజు ప్రార్థన నిన్న జరిగింది. వాన వల్ల జనం తక్కువగా వచ్చారు. మీరు రాలేకపోయినందుకు అత్తగారు నాతో ఏమీ అనలేదు. పిల్లితో మాత్రం అన్నారు: "జకార్తా వాళ్లకు మా అబ్బాయి ఒక్కరోజు అన్నం పెట్టకపోతే ఆకలికి చచ్చిపోతారు కాబోలే!" నేను వరండాలో ఉన్నాను. నాకు వినబడాలని అన్నారు, మీకు రాయాలని అన్నారు. రాశాను.

నది అవతలి నుంచి మా అక్క వచ్చి వెళ్లింది. ఆచారం ప్రకారమే వచ్చింది. ఇల్లు ఆడవాళ్లది, పిల్లలు ఆ ఇంటి పిల్లలు, భార్య పోయిన మగవాడు తల్లి దగ్గరికో తోబుట్టువు దగ్గరికో తిరిగి వెళ్లాలి. దాతుక్‌గా ఇంటికి పెద్ద మీరు, మీకు నేను చెప్పవలసిన సంగతి కాదు. "పిల్లలకు పరీక్షలు కానివ్వు" అని అక్కను పంపేశాను. పరీక్షలు జూన్‌లో.

రెఫ్ని ఎనిమిదేళ్లది. నేను పక్కన కూర్చుంటేనే తింటోంది. మొన్న అడిగింది, "నాన్నా, మీరు అత్తయ్య వాళ్లింటికి వెళ్తే నన్ను తీసుకెళ్లనిస్తారా?" అని. అన్నం చల్లారిపోతోందని చెప్పాను.

పడమటి చూరు కారుతుంటే బాగుచేయించాను. నాలుగైదేళ్లు ఆగుతుందని వడ్రంగి అన్నాడు. ఆ పని చేయించడం నా వంతో కాదో తెలియదు. దాతుక్ ఒక మాట చెబితే బాగుంటుంది.

ఇట్లు,
మర్జోహన్


జకార్తా
19 మార్చి 1986

సుతాన్ మర్జోహన్ బావగారికి సలాములు,

మీ ఉత్తరం మధ్యాహ్నం రద్దీలో అందింది. ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో గరిటె. పచ్చిమిరపకాయల పచ్చడి ఎక్కువ వేయలేదని ఒకాయన గొడవ పెట్టుకున్నాడు. "అయ్యా, ఉత్తరం చదువుకోనివ్వండి" అంటే, "హోటల్ పెట్టావా, పోస్టాఫీసు పెట్టావా?" అన్నాడు. గిన్నెడు పోసి పంపించాను. సాయంత్రానికి కడుపు మండి వాడికే తెలుస్తుంది.

చూరు సంగతి అడిగారు. నేను మీలా కాలేజీకి వెళ్లలేదు గానీ, మాట ఎలా నడవాలో నాకూ తెలుసు. పెద్దవాళ్లతో మాట్లాడితే మెట్టు ఎక్కుతున్నట్టు ఉండాలి, చిన్నవాళ్లతో దిగుతున్నట్టు. తోటివాళ్లతో చదునుగా నడిచినా ఫరవాలేదు. ఇంటి అల్లుడితో మాత్రం ఏటవాలుగానే పోవాలి. అందుకని జవాబు చెప్పను, కథ చెబుతాను.

ఒక అల్లుడు ఉండేవాడు. రోజూ చీకటి పడే వేళకు భార్య ఇంటికి వచ్చేవాడు, తెల్లవారగానే పొలానికి పోయేవాడు. భార్య పోయింది. ఆ మర్నాడు కూడా అలవాటుగా చీకటి వేళకు వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. ఇంటివాళ్లు నోరు తెరిచి ఏమీ అనలేకపోయారు. మెట్ల దగ్గర ఒక దీపం పెట్టారు. మిగతాది మీకు తెలుసు. ఊరి ప్రార్థనశాలలో, సురావ్‌లో, చాపలు పరుచుకుని పడుకున్న ప్రతి మగపిల్లాడూ విన్నదే కదా.

అమ్మకు కబురు పంపాను, మెట్ల దగ్గర దీపం పెట్టమని.

రెఫ్నికి నా ముద్దులు. బస్సు డ్రైవర్‌తో బిస్కెట్ల డబ్బా పంపుతున్నాను. వాడు దారిలో తినకపోతే అందుతుంది.

మీ
బఖ్తియార్


పాయకుంబూ
2 ఏప్రిల్ 1986

దాతుక్ బావగారికి,

సలాము.

బిస్కెట్లు అందాయి. డబ్బా సగం ఖాళీగా ఉంది. మీ డ్రైవర్ నిజాయితీపరుడే, సగం మిగిల్చాడు.

మీ కథ కూడా అందింది.  యుస్నిమార్ రెఫ్నిని పడుకోబెడుతూ ఈ కథ చెప్పేది. నేను బయట హాల్లో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఉంటే చెక్కగోడ లోంచి వినబడేది. మీరు ఇదే కథ ఎంచుకుంటారని అనుకోలేదు.

అత్తగారు ఆ రోజే దీపం పెట్టారు. సోమవారం బడి నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గర వెలుగుతోంది. పొగచూరిన గాజు తుడిచాను. కిరసనాయిలు తక్కువగా ఉంటే నింపాను. రెఫ్నికి మీ కథ సంగతి చెప్పాను. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుంది.

అక్క ఇంట్లో ఉన్న నా పుస్తకాలు తెచ్చుకున్నాను. యుస్నిమార్ గదిలో కిటికీ కింద అల్మరా పెట్టించాను. అత్తగారు చూసి, "పిల్లీ, ఈ పుస్తకాలు ఎలుకలు కొట్టకుండా చూడు, చాలాకాలం ఉండేటట్టున్నాయి" అన్నారు. ఆవిడ ఈ మధ్య పిల్లితో ఎక్కువగా మాట్లాడుతున్నారు. కూతురు పోయిన మనిషి. ఎవరితో ఒకరితో మాట్లాడాలి కదా.

మీ దయ మరిచిపోను.

మర్జోహన్


జకార్తా
17 ఏప్రిల్ 1986

సుతాన్ బావగారికి సలాములు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి నా భార్యతో చదివించుకున్నాను. "ఆయన దీపంలో కిరసనాయిలు పోశాడంటోంది ఈ ఉత్తరం, నేను సరిగ్గానే విన్నానా?" అని అడిగితే, "సరిగ్గానే విన్నారు, గాజు కూడా తుడిచాడు" అంది.

సరే. మీరు చదువుకున్నవారు. నా కథలో లోపం ఉండి ఉంటుంది.

మన విర్దా పెకన్‌బారులో ఉంది కదా. యుస్నిమార్ చివరి రోజుల్లో చెల్లెలి పేరే పట్టుకుని కలవరించిందని అమ్మ రాయించింది. విర్దా ఉంటున్న అద్దె గది కప్పు కారుతోందట. ఆ ఊళ్లో వానలు పెద్దవి. ఒక్కోసారి పక్షులు కూడా, ఎంత దూరం ఎగిరిపోయినా, పుట్టిన గూటి వైపు చూస్తాయి. గూడు చిన్నది, అదొక్కటే చిక్కు. మన పెద్దింట్లో ఉన్నవి మూడు గదులే, అందులో ఒకటి కూలిపోయింది.

ఇంకేం రాయను? మీకోసం ఒక మంచి సూట్‌కేసు కొన్నాను. పెద్దది, ఇత్తడి తాళాలు. మనిషి తన సామానంతా ఒకేసారి సర్దుకోవచ్చు. బస్సులో వస్తోంది. బిస్కెట్లు కాదు గనక డ్రైవర్ తినడు.

మీ
బఖ్తియార్


పాయకుంబూ
5 మే 1986

దాతుక్ బావగారికి,

సలాము.

సూట్‌కేసు అందింది. మీకు ఎలా తెలిసిందో తెలియదు. యుస్నిమార్ బట్టలు ఇంకా దండెం మీదే వేలాడుతున్నాయి. తీయాలని అనుకుంటూ, తీయలేక ఉన్నాను. మీ పెట్టె చూశాక తీశాం. రెఫ్ని ఒక్కొక్కటీ మడత పెట్టింది. పెళ్లినాటి జరీ శాలువా అడుగున, రోజూ కట్టుకున్నవి పైన. "పైన ఉంటే వాసన తొందరగా చూడొచ్చు" అంది. తాళం వేయలేదు.

విర్దా గురించి రాశారు. అక్క పోయిన దుఃఖంలో ఉంటుంది. పండక్కి రమ్మనండి. రెఫ్ని పిన్నిని అడుగుతోంది. ఒక్కరోజు వచ్చి వెళ్లినా మాకు సంతోషం. భర్తను కూడా తీసుకురమ్మనండి. హాల్లో పక్క వేస్తాను.

ఈ మాట అత్తగారికి చెప్పాను. ఆవిడ నా వైపు చూడకుండా పిల్లిని ఒళ్లోకి తీసుకుని, "చూశావుటే, ఈ ఇంటి పిల్ల ఈ ఇంటికి చుట్టంలా రావాలట. హాల్లో పక్క వేస్తారట" అన్నారు. పిల్లి దిగి వెళ్లిపోయింది. నాకు అర్థం కాలేదు. ఉపవాసాలు దగ్గరికి వస్తున్నాయి, ఆవిడకు అలసటగా ఉందేమో.

ఒంట్లో ఎలా ఉంది? ఉత్తరాలు చిన్నవి రాస్తున్నారు.

మర్జోహన్


జకార్తా
20 జూన్ 1986

మర్జోహన్ గారూ,

క్షమించాలి. ఈసారి చదునుగా రాస్తున్నాను. ఏటవాలుగా రాసి రాసి నా మెడ పట్టేసింది.

విర్దాను మొగుడు వదిలేశాడు. జనవరిలోనే. పైగా కొట్టేవాడు. అక్క చావు మీద చావులా ఈ వార్త ఊళ్లో తిరగకూడదని అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. అప్పటి నుంచీ ఆ పిల్ల పరాయి ఊళ్లో కారే గదిలో ఒక్కతే ఉంటోంది, మీరు వెళ్లే రోజు కోసం. మీరు ఉండగా ఎలా వస్తుంది? బావ ఉన్న ఇంట్లో, మొగుడు వదిలేసిన మరదలు వచ్చి పడుకుంటే ఊరు ఊరుకుంటుందా? ఉన్న ఆ ఒక్క గదిలో మీరు పుస్తకాల అల్మరా పెట్టారు!

పండగ నాడు అది వచ్చింది. మీకు తెలియదు. బస్సు దిగి, సాయంత్రం వేళ మన ఇంటి ముందు ధాన్యపు కొట్టు దాకా నడిచింది. మెట్ల దగ్గర మీ చెప్పులు చూసింది. పైన మీ గొంతు వినబడింది, రెఫ్నికి ఏదో చెబుతున్నారట. అమ్మను పిలవకుండా తిరిగి బస్సెక్కింది. నాకు ఫోన్ చేసి నవ్వింది. "అన్నయ్యా, బావగారి చెప్పులు చాలా శుభ్రంగా ఉన్నాయి, పక్కన నావి పెట్టబుద్ధి కాలేదు" అంది. తరవాత ఏడ్చింది.

నేను కథ ఎందుకు చెప్పాను? మెట్ల దగ్గర దీపం చూడగానే ఆ అల్లుడికి అర్థమవుతుంది, అది తన దారికి పెట్టిన వెలుగని. ఇంటివాళ్ల చేత "వెళ్లు" అనిపించుకోకుండా, దీపం పట్టుకుని వెళ్లిపోతాడు. ఆ మర్యాదకు మెచ్చి దేవుడు అతన్ని పక్షిని చేసి, దీపాన్ని ముక్కు మీద కొమ్ముగా పెడతాడు. అడవిలో అరిచే ఆ పెద్ద ముక్కు పక్షి అతనే. సురావ్‌లో ఏడేళ్ల పిల్లాడికి తెలుసు ఇది. మీరు ఆ దీపంలో కిరసనాయిలు పోసి కూర్చున్నారు.

సూట్‌కేసు ఇచ్చాను. అందులో పాత బట్టలూ శాలువాలూ సర్దారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా చెల్లెలి బట్టలని తెలిసి, ఏడ్చాను.

ఇంతకంటే నేరుగా రాయడం నాకు రాదు.

బఖ్తియార్


నది అవతల నుంచి
1 జూలై 1986

దాతుక్ బావగారికి,

సలాము.

మీ ఉత్తరం శనివారం వచ్చింది. అదే రోజు అక్క ఇంటికి వచ్చేశాను. పుస్తకాలు సిమెంటు సంచుల్లో తెచ్చుకున్నాను. సూట్‌కేసు అక్కడే ఉంచాను, అది రెఫ్నిది. విర్దా గారికి టెలిగ్రాం ఇచ్చాను. గది ఖాళీ అని మాత్రమే రాశాను.

నేను బుద్ధిపూర్వకంగా చేయలేదు. ఆ మాట ఒకసారి చెప్పుకోనివ్వండి.

మా ఊరి సురావ్‌లో గురువు గారికి కథలంటే గిట్టదు. ఖురాన్ పాఠం, తరవాత నిద్ర. ఈ కథ నేను మొదటిసారి విన్నది మీ చెల్లెలి నోటే, చెక్కగోడ ఇవతల నుంచి. ఆమె చెప్పిన కథ ఇది.

అల్లుడు వచ్చి చీకట్లో నిలబడ్డాడు. ఇంటి ఆడవాళ్లు లోపల అతనికి అన్నం వడ్డించి ఉంచారు. రమ్మని పిలవడానికి నోరు రాలేదు. అతను మెట్టు తప్పి పడకుండా దీపం పెట్టారు. అతను దీపం చూసి, పొమ్మంటున్నారని అనుకున్నాడు. అడగలేదు. దీపం తీసుకుని పొలాల మీదుగా వెళ్లిపోయాడు. దీపం దూరమవుతుంటే ఆడవాళ్లు కిటికీలోంచి చూశారు. ముసలి అత్తగారు అప్పుడు మర్యాద వదిలేసి, పేరు పెట్టి పిలిచింది. అప్పటికి అతను పక్షి అయిపోయాడు. అందుకే ఆ పక్షి అరుపు ఏదో అడుగుతున్నట్టు ఉంటుందని యుస్నిమార్ రెఫ్నికి చెప్పేది.

మీరు దీపం పెట్టించానని రాస్తే, అన్నం వడ్డించి ఉందని చదువుకున్నాను.

ఇద్దరిలో ఎవరి కథ సరైనదని అడగడం లేదు. విర్దా గారు ధాన్యపు కొట్టు దాకా వచ్చి నా చెప్పులు చూసి వెనక్కి వెళ్లారు. దాని ముందు కథ ఏదైనా ఒకటే.

వచ్చేటప్పుడు రెఫ్ని ఏడవలేదు. "మీకు అన్నం ఎవరు పెడతారు?" అంది. అత్తయ్య అన్నాను. "మీ పక్కన కూర్చుంటుందా?" అంది.

అత్తగారు వంటింట్లోంచి రాలేదు. పిల్లితో కూడా ఏమీ అనలేదు.

మర్జోహన్


జకార్తా
22 జూలై 1986

బావగారూ,

మీ ఉత్తరం వచ్చిన రోజు హోటల్ మధ్యాహ్నమే మూసేశాను. ఎవరైనా చచ్చిపోయారా అని అడిగారు.

విర్దా ఇల్లు చేరింది. ఫోన్ చేసినప్పుడు మీరు రాసిన కథ వినిపించి, "ఇది నిజమేనా?" అని అడిగాను. "ఏది నిజమా, అన్నయ్యా? కథ అదే కదా. నీకు తెలియదా?" అంది. నాకు తెలియదు. నిజంగా తెలియదు.

ఏడో ఏట నన్ను సురావ్‌కు పంపారు. మగపిల్లాడు తల్లి ఇంట్లో పడుకోకూడదన్నారు. చాప చుట్టుకుని వెళ్లాను. మొదటి వారం రోజూ గొడ్లచావడి వెనక నిలబడి మన ఇంటి వైపు చూసేవాడిని. లోపల దీపం ఉండేది. అమ్మ ఏదో చెబుతుంటే చెల్లెళ్లు నవ్వేవాళ్లు. ఏం చెబుతోందో వినబడేది కాదు. ఆ తరవాత పెద్ద పిల్లలు ఏడిపిస్తే మానేశాను. నా ఇంట్లో చెప్పుకున్న కథ చివర ఎలా ఉంటుందో, ఇన్నేళ్లకు మీ ఉత్తరంలో చదివాను. పరాయివాడైన మీరు గోడ పక్క కూర్చుని విన్నారు. నేను వినలేదు.

సూట్‌కేసు గురించి అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పుల గురించి రాసింది మాత్రం నిజమే.

ఇంకొకటి. వంశం పెద్దలు నాకు రాశారు. "చాప మార్చేయండి, విర్దాను సుతాన్‌కే ఇచ్చేయండి, ఇల్లు పాతదే, అల్లుడు పాతవాడే, పెంచుకునే పిల్ల అక్క బిడ్డే" అంటున్నారు. చాలామంది చేసేదే. అలాగైతే మీరు రెఫ్నితో ఉండొచ్చు. ఇది అడగడానికి ఏటవాలు కథ ఒకటి వెతికాను. భయం వేసి మానేశాను. నేరుగా చెప్పండి.

మీ
బఖ్తియార్


నది అవతల నుంచి
14 ఆగస్టు 1986

దాతుక్ బావగారికి,

సలాము.

నేరుగా చెప్పమన్నారు. వద్దు. విర్దా గారు గది కోసం వచ్చారు, మొగుడి కోసం కాదు. నేను యుస్నిమార్ గోడ పక్కన ఇంకొకరి మాటలు వినలేను. పెద్దలకు మీరు ఏ కథ చెబుతారో మీ ఇష్టం.

విర్దా గారు ఈ సంగతి విని పెద్దగా నవ్వారు. "బావగారూ, మీ చెప్పుల శుభ్రం నాకు పడదు" అన్నారు. ఇంట్లో ఆ నవ్వు విని రెఫ్ని కూడా నవ్వింది.

బడి అయ్యాక కొన్ని సాయంత్రాలు వంతెన దాటి వెళ్తున్నాను. వరండాలో రెఫ్నికి లెక్కలు చెప్పి వచ్చేస్తాను. భోజనానికి ఉండను. ఎవరూ ఉండమనలేదు. నేను అడగలేదు.

నిన్న వానకు వంతెన దగ్గర ఆలస్యమైంది. ఇక లెక్కల వేళ దాటిపోయిందని తెలిసీ వెళ్లాను. ధాన్యపు కొట్టు దాటేసరికి మెట్ల దగ్గర దీపం ఉంది. జూన్ తరవాత మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

చెప్పులు విడిచి, చాలాసేపు కింద నిలబడ్డాను. మీ కథా గుర్తొచ్చింది, ఆమె కథా గుర్తొచ్చింది. దీపం రెంటికీ సరిపోతుంది. వెనక్కి వెళ్లిపోవడమే సులువు. మర్యాద కూడా అదే.

అడిగాను, బావగారూ. అల్లుడు అత్తగారిని అడగకూడని విధంగా, గొంతెత్తి అడిగాను. "అమ్మా, ఈ దీపం నేను రావడానికా, పోవడానికా?"

పైన గిన్నెల చప్పుడు ఆగింది. రెఫ్ని కిటికీలోంచి తొంగి చూసింది.  

తరవాత అత్తగారి గొంతు వచ్చింది.

"చూశావుటే పిల్లీ, చదువు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది. దీపం ఎందుకు పెడతారని అడుగుతున్నాడు. కిరసనాయిలు ఊరికే వస్తుందా? పైకి వచ్చేటప్పుడు తెచ్చేయమను. కూర చల్లారిపోతోంది."

దీపం తీసుకుందామని వంగాను. పిల్లి పైన లేదు. కింద, నేను విడిచిన చెప్పుల మీద పడుకుని ఉంది.

మర్జోహన్